నీలం ఐషాడో: ఫుల్ ప్యాలెట్ కొనాలా, రెండు సింగిల్స్ చాలా, పెన్సిల్‌తో సరిపెట్టుకోవాలా?

ముందే తేల్చి చెప్పేస్తాను, ఓపికున్నవాళ్ళు ఆ తర్వాత కింద వివరాలు చదువుకోవచ్చు. మీ దగ్గర ఇప్పటికే ఒక బ్రౌన్ ప్యాలెట్ (ఒకే డబ్బాలో చాలా షేడ్లు ఉండేది) ఉంటే, అన్నీ నీలాలే ఉన్న ప్యాలెట్ కొనకండి. ముదురు నేవీ మ్యాట్ (మెరుపు లేనిది) ఒకటి, నెమలికంఠం రంగు షిమ్మర్ (మెరిసేది) ఒకటి, ఈ రెండు సింగిల్స్, అంటే ఒక్కో షేడ్ విడిగా వచ్చే చిన్న డబ్బాలు, తీసుకుంటే పెళ్ళిళ్ళకీ ఆఫీసుకీ రెండింటికీ సరిపోతాయి. ప్యాలెట్ అసలేమీ లేదంటే, సగం బ్రౌన్లూ పీచ్‌లూ ఉండి మిగతా సగం నీలాలున్నది చూసుకోండి. ఇప్పటిదాకా కాటుక తప్ప కంటికి ఇంకేమీ పెట్టనివాళ్ళయితే రెండు మూడు వందల్లో వచ్చే నీలం పెన్సిల్ కొని నెల రోజులు వాడి చూడండి, నచ్చితే అప్పుడు పైకెళ్ళచ్చు. మరి ఫుల్ నీలం ప్యాలెట్ ఎవరికి అంటే, రంగులతో ఆడుకోవడమే సరదా అయినవాళ్ళకి, రీల్స్ చేసేవాళ్ళకి, పెళ్ళిళ్ళకి వెళ్ళి మేకప్ వేసేవాళ్ళకి. వాళ్ళకి నా సలహా అక్కర్లేదు, ఎలాగూ కొంటారు.

నీలం అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేవి రెండే. ఒకటి పౌరాణిక సినిమాల్లో కృష్ణుడి వేషం, రెండోది 80ల నాటి డ్యూయెట్లలో రెప్ప నుంచి కనుబొమ్మ దాకా మెరిసే లేత నీలం పూసుకున్న హీరోయిన్. అందుకే రెప్ప మీద కాస్త నీలం కనపడితే చాలు, ఇంట్లో ఎవరో ఒకరు "ఏంటే ఈ వేషం, డ్రామా ఏమైనా ఉందా?" అనకుండా ఉండరు. నిజానికి ఆ పాత లుక్‌లో తప్పు నీలానిది కాదు. తెలుపు ఎక్కువ కలిసిన లేత నీలం, దానికి తోడు వెండి మెరుపు, అదీ మడత (కన్ను తెరిస్తే పై రెప్ప ముడుచుకునే చోటు) దాటి కనుబొమ్మ దాకా, పెదాలకి మళ్ళీ మెరిసే గులాబీ లిప్‌స్టిక్. ఈ నాలుగూ ఒకేసారి పడితే ఎవరి మొహమైనా అలాగే ఉంటుంది. వీటిలో ఏ రెండు తీసేసినా నీలం పెట్టుకుని నిక్షేపంగా బజారుకి వెళ్ళి రావచ్చు.

ఇంకో సంగతి. మనలో ఎక్కువమందికి కళ్ళు ముదురు గోధుమ రంగు. గోధుమ రంగంటే ముదిరిన నారింజే, రంగుల చక్రంలో నారింజకి ఎదురుగా ఉండేది నీలం. బ్రౌన్ ఐషాడో వేస్తే కన్ను చుట్టుపక్కల రంగులో కలిసిపోతుంది, అదే నేవీ గీత గీస్తే నల్లగా అనిపించే కనుపాపలో ఉన్న తేనె రంగు పైకొస్తుంది. నీలికళ్ళవాళ్ళు నీలం వేసుకుంటే కళ్ళు వెలిసినట్టు కనపడతాయని విదేశీ వీడియోల్లో జాగ్రత్తలు చెప్తుంటారు, ఆ జాగ్రత్త మనకి పట్టించుకోవాల్సిన పనే లేదు.

ఏ నీలం?

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నా ఓటు నేవీకే. ఇంకు నీలం, దాదాపు నలుపు అనిపించేది. తెల్లటివాళ్ళకి, చామనఛాయకి, బాగా నల్లటివాళ్ళకి కూడా నప్పే నీలం ఇదొక్కటే అని నా గట్టి నమ్మకం. నల్ల ఐలైనర్ ఎక్కడెక్కడ పెడతారో అక్కడంతా నేవీ పెట్టచ్చు, దూరం నుంచి చూసినవాళ్ళకి నలుపే అనిపిస్తుంది, దగ్గరికొచ్చి మాట్లాడేవాళ్ళకి మాత్రం ఏదో తేడాగా, బాగుందే అనిపిస్తుంది. పైగా నలుపులా కంటిని చిన్నది చేయదు.

రెండోది నెమలికంఠం, టీల్ అంటారే అది. ఇందులో పచ్చ కలిసి ఉంటుంది కాబట్టి పసుపు ఛాయ ఒంటికి తేలిగ్గా కలుస్తుంది. మ్యాట్‌లో కంటే షిమ్మర్‌లో బాగుంటుంది, బంగారు నగల పక్కన ఇంకా బాగుంటుంది. పట్టుచీరల మీదకి నీలం కావాలనుకుంటే వెతకాల్సింది దీన్నే.

రాయల్ బ్లూ, ఎలక్ట్రిక్ బ్లూ లాంటివి చూడగానే చెయ్యి వాటి మీదకే పోతుంది. షోరూమ్ లైట్లలో అవి మరీ మెరిసిపోతుంటాయి కూడా. రెప్పంతా వేసుకుంటే స్టేజి మీదకి తప్ప పనికిరాదు కానీ, సన్నటి గీతగా, నల్ల కాటుక పక్కన మాత్రం భలే ఉంటుంది. అందుకే ఈ రంగు పౌడర్‌లో కొనడం దండగ, పెన్సిల్‌లోనే కొనాలి.

ఇక రెండు రంగుల విషయంలో నేను కాస్త కఠినంగానే ఉంటాను. ఒకటి డెనిమ్ బ్లూ, బూడిద కలిసిన నీలం. ప్యాలెట్ల మీద దీన్నే "అందరూ వేసుకోగలిగేది" అని రాస్తారు, తెల్లతోలు మోడల్ కంటికి చూస్తే నిజమే అనిపిస్తుంది. మనకి కళ్ళ చుట్టూ ఎలాగూ కాస్త నలుపు ఉంటుంది, దాని మీద ఈ బూడిద నీలం పడగానే మూడు రోజులుగా నిద్రలేని మొహం వచ్చేస్తుంది. ఎంత మెత్తటి రంగైతే అంత సేఫ్ అనుకోవడం నీలంలో కుదరదు, ఇక్కడ ముదురే సేఫ్.

రెండోది లేత ఆకాశనీలం. ఇందులో నీలం కంటే తెలుపు ఎక్కువ, డబ్బా వెనక చూస్తే టైటానియం డయాక్సైడ్ అని ఉంటుంది, నంబరు సీఐ 77891 (సీఐ అంటే కలర్ ఇండెక్స్, ఒక్కో రంగు పదార్థానికి ఇచ్చే నంబరు). చామనఛాయ మీద ఈ తెలుపు పౌడరు అద్దినట్టు తేలిపోతుంది, ఎంత బ్లెండ్ చేసినా పోదు, ఇంకా పాకుతుంది. ప్యాలెట్‌లో ఉంటే ముక్కు వైపు కంటి మూలలో చిన్న చుక్కగా వాడుకోండి, దాని కోసమని మాత్రం ప్యాలెట్ కొనకండి.

ఫుల్ నీలమా, మిక్స్‌డా, సింగిల్సా

ఫుల్ నీలం ప్యాలెట్ అంటే ఎలా ఉంటుందో తెలియాలంటే కలర్‌పాప్ అనే మేకప్ కంపెనీ వాళ్ళ బ్లూ మూన్ ఫొటో ఒకసారి చూడండి. తొమ్మిది షేడ్లు, లేత నీలం నుంచి నేవీ దాకా, వేరే రంగు పేరుకి కూడా ఉండదు. జెఫ్రీ స్టార్ 2019లో తెచ్చిన బ్లూ బ్లడ్‌లో అయితే పద్దెనిమిది షేడ్లు. హుడా బ్యూటీ వాళ్ళ సఫైర్ అబ్సెషన్స్ తొమ్మిది షేడ్ల చిన్న డబ్బా, హ్యాండ్‌బ్యాగులో పట్టేస్తుంది. ఇవన్నీ ఇప్పుడు అన్నిచోట్లా దొరుకుతాయని కాదు, రకం అర్థమవడానికి చెప్తున్నాను. ఏ కంపెనీ నీలం ప్యాలెట్ తెచ్చినా ఇంచుమించు ఈ మూడు మోడళ్ళలో ఒకటి అవుతుంది.

చూడ్డానికి కన్నులపండువగా ఉంటాయి, కాదనను. కానీ రెప్ప మీద నీలం మామూలుగా కనపడాలంటే దాని అంచు ఒంటి రంగులోకి కరిగిపోవాలి, అలా కరిగించేది మడతలో వేసే బ్రౌన్. ఫుల్ నీలం ప్యాలెట్‌లో ఆ బ్రౌనే ఉండదు. అంటే ప్రతిసారీ రెండు డబ్బాలు తెరవాల్సిందే. పొద్దున ఏడింటికి ఆఫీసు క్యాబ్ కింద హారన్ కొడుతుంటే రెండు డబ్బాలు ఎవరు తెరుస్తారు చెప్పండి? అందుకే అలాంటి ప్యాలెట్లు కొత్తలో వారం రోజులు మురిపించి, తర్వాత అద్దం వెనక దుమ్ము పట్టిపోతాయి. పౌడర్ ఐషాడోలకి డబ్బా మీద మూత తెరిచిన బొమ్మ పక్కన 12ఎం అనో 24ఎం అనో ఉంటుంది, తెరిచాక అన్ని నెలలు వాడచ్చని. పద్దెనిమిది నీలాల్ని రెండేళ్ళలో పూర్తి చేయడం మేకప్ ఆర్టిస్టుకి కూడా కష్టమే.

మిక్స్‌డ్ ప్యాలెట్‌కి ఈ బాధ లేదు. కొనేటప్పుడు నీలాల్ని పక్కన పెట్టి ముందు బ్రౌన్లని చూడండి. మీ ఒంటి రంగు కంటే ఒక మెట్టు ముదురుగా ఉండే మ్యాట్ బ్రౌన్ ఒకటి, రెండు మెట్లు ముదురుది ఒకటి తప్పకుండా ఉండాలి. ఇదే అసలు చూడాల్సింది, ఎవరూ చూడనిదీ ఇదే. చాలా ప్యాలెట్లలో బ్రౌన్ పేరుతో లేత బిస్కెట్ రంగు ఒకటి ఉంటుంది, అది మన మడతలో వేస్తే వేసినట్టే ఉండదు. ఆ తర్వాత నీలాల్లో నేవీ మ్యాట్ ఉందా, టీల్ షిమ్మర్ ఉందా చూడండి. ఈ నాలుగు షేడ్లు ఉంటే మిగతావి ఏమున్నా బోనస్సే. ఇటుక రంగు, రాగి రంగు ఉంటే మరీ మంచిది, నీలం పక్కన రాగి అద్భుతంగా ఉంటుంది.

ధర దగ్గరికొస్తే, స్విస్ బ్యూటీ, మార్స్, ఇన్‌సైట్ లాంటి బ్రాండ్లలో కొన్ని వందల్లోనే రకరకాల రంగుల ప్యాలెట్లు వస్తాయి, హుడా లాంటి వాటికి వేలల్లోనే పెట్టాలి. తేడా ఉంటుందా అంటే ఉంటుంది, అన్నిట్లో కాదు. షిమ్మర్లలో చవకవి కూడా ఇప్పుడు బాగానే ఉంటున్నాయి, వేలితో పెడితే ఏది ఏదో చెప్పడం కష్టం. అసలు తేడా తేలేది మ్యాట్ నీలంలో. చవక మ్యాట్ నీలం చాలావరకు గోడకి ఒక్క కోటు సున్నం వేసినట్టు మచ్చలు మచ్చలుగా పడుతుంది. కాబట్టి డబ్బులు పెట్టేదుంటే నేవీ మ్యాట్ సింగిల్ మీద పెట్టండి, మెరిసేవి చవకలో తీసుకోండి.

సింగిల్స్‌కి ఒకటే ఇబ్బంది, లెక్క వేస్తే ఒక్కో షేడ్ ప్యాలెట్‌లో కంటే బాగా ఖరీదు పడుతుంది. కానీ వాడని ఏడు షేడ్ల డబ్బులు కూడా లెక్కలో వేసుకోండి మరి.

పెన్సిల్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. లాక్మే ఐకానిక్ కాజల్‌లో రాయల్ బ్లూ వచ్చింది, అలాంటిది ఏదైనా పర్లేదు. మెత్తగా గీసుకోవాలి, గీశాక కొన్ని సెకన్లలో ఆరి కదలకుండా ఉండాలి, అంతే. క్రీమ్ స్టిక్‌లు కూడా దొరుకుతున్నాయి, వేలితో పాముకోవడం సుళువే, కాకపోతే నూనె రెప్పలవాళ్ళకి మధ్యాహ్నానికల్లా మడతలోకి చేరిపోతుంది.

చేతి మీద చూసుకునే పద్ధతి

షాపులో టెస్టర్ ఉంటే అందరూ చేసే పని, వేలు గట్టిగా రుద్ది ముంజేతి మీద గీయడం. అలా చేస్తే ప్రతి ఐషాడో బాగానే కనపడుతుంది. మ్యాట్ నీలానికి ఇలా చూడండి: వేలితో ఒక్కసారి మెల్లగా తాకి, చేతి వెనక వైపు గీసి, అర నిమిషం ఆగి, ఇంకో పొడి వేలితో దాని అంచుని అటూ ఇటూ రుద్దండి. మంచిదైతే అంచు పల్చబడుతూ అదే నీలంగా కరిగిపోతుంది. నాసిరకందైతే మధ్యలో చర్మం కనపడుతుంది, అంచు బూడిద రంగుకి తిరుగుతుంది. ఆ బూడిద రంగే రేపు మీ కంటి మీద కనపడబోయేది. షిమ్మర్‌కైతే గీసి చెయ్యి దులపండి, ఎంత రాలిందో చూడండి. తర్వాత షాపు గుమ్మం దగ్గరికి వెళ్ళి పగటి వెలుతురులో ఒకసారి చూడండి, లోపల నీలంగా ఉన్న నేవీ బయట నీలంగానే ఉందో లేదో తెలిసిపోతుంది. షాపు టెస్టర్‌ని మాత్రం కంటికి పెట్టుకోకండి, ఎంతమంది వేళ్ళు పడ్డాయో ఎవరికి తెలుసు.

ఆన్‌లైన్‌లో అయితే ఈ సౌకర్యం ఉండదు కాబట్టి డబ్బా వెనక నంబర్లు చదవడం నేర్చుకుంటే మంచిది. సీఐ 77007 అంటే అల్ట్రామెరైన్, ఒకప్పుడు బట్టలకి పెట్టే నీలం పొడిలో వాడిన పదార్థమే (ఆ పొడిని కంటికి పెట్టమని కాదు బాబూ). రంగు నిండుగా ఉంటుంది కానీ పల్చగా వేస్తే తేలిపోతుంది, మ్యాట్ నీలాలు మచ్చలు పడటానికి ఇదొక కారణం. సీఐ 77510 అంటే ప్రష్యన్ బ్లూ, 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో కనిపెట్టిన రంగు, కొంచెం వేసినా ముదురుగా పడుతుంది, మంచి నేవీల్లో తరచూ కనపడుతుంది. సీఐ 42090 ఉందంటే అది డై, బ్లూ 1 అంటారు. రంగు భలే కాంతివంతంగా ఉంటుంది, కాకపోతే కడిగాక కూడా చర్మం మీద లేత నీలి మరక వదలచ్చు. మూడూ కంటి చుట్టూ వాడటానికి అనుమతి ఉన్నవే, భయపడాల్సిందేం లేదు, ఏది ఎలా ప్రవర్తిస్తుందో ముందే తెలుస్తుంది అంతే.

ఇక వేసుకోవడం

నీలం విషయంలో అందరికీ ఉపయోగపడే మాట ఒకటి చెప్తాను: ముందు కంటి మేకప్, ఆ తర్వాతే ఫౌండేషన్. నేవీ పొడి ఎంత మంచిదైనా బుగ్గ మీద కాస్తయినా రాలుతుంది. కింద ఫౌండేషన్ వేసి ఉంటే ఆ పొడి తుడిచేకొద్దీ పాకుతుంది, కళ్ళ కింద నలుపు రెట్టింపు అవుతుంది. ముందే కళ్ళు పూర్తి చేస్తే తడి దూదితో ఒక్కసారి తుడిచేసి, పీచ్ కరెక్టర్ (కళ్ళ కింద నలుపుని కప్పే క్రీమ్) పెట్టుకుని, శుభ్రంగా మొదలుపెట్టచ్చు. బ్రష్‌ని షేడ్‌లో గుండ్రంగా తిప్పకుండా కొసతో తాకించి, డబ్బా అంచుకి ఒకసారి తట్టండి, సగం పొడి అక్కడే రాలిపోతుంది.

ఆఫీసుకి అయితే నల్ల కాటుక మామూలుగా పెట్టుకోండి. సన్నటి, గట్టి బ్రష్‌తో నేవీ మ్యాట్‌ని పై రెప్ప వెంట్రుకల మొదలు దగ్గర అద్దుతూ వెళ్ళండి, గీత గీయకండి. తర్వాత అదే బ్రష్‌తో పైకి గోరు వెడల్పు మాత్రం మెల్లగా రుద్దండి. మడత దాకా వెళ్ళకూడదు. మస్కారా, అయిపోయింది. గీత తిన్నగా రాలేదన్న టెన్షన్ ఉండదు, ఎందుకంటే ఇక్కడ గీతే లేదు. కళ్ళద్దాలవాళ్ళకి కూడా ఇదే బెస్టు, మైనస్ పవర్ అద్దాల వెనక చిన్నగా కనపడే కళ్ళకి కాస్త అంచు వస్తుంది.

ఇంకా భయంగా ఉందా, పై రెప్పని ముట్టుకోకండి. పైన ఎప్పటిలా నల్ల లైనర్, కింద రెప్ప అంచున బయటి మూల నుంచి సగం దాకా నీలం పెన్సిల్, దాని మీద అదే రంగు పౌడర్ ఉంటే చిటికెడు. కళ్ళు కిందికి వాల్చి ఫోను చూసుకున్నంతసేపూ ఎవరికీ తెలియదు, తలెత్తి చూస్తే మాత్రం కనపడుతుంది. హల్దీ ఫంక్షన్లో పసుపు డ్రెస్ మీదకి టీల్‌తో ఇలా చేస్తే ఎంత బాగుంటుందో. పసుపు పూసేటప్పుడు మాత్రం కళ్ళ దగ్గరికి రానివ్వకండి, పసుపూ నీలం కలిస్తే ఏమవుతుందో చిన్నప్పుడు డ్రాయింగ్ క్లాసులోనే చూశాం.

రిసెప్షన్‌కి, పెళ్ళికి నెమలికంఠం షిమ్మర్. ఇది కొంచెం నిదానంగా చేయాలి. రెప్పకి ప్రైమర్ (రంగు నిలవడానికి ముందు రాసే క్రీమ్), లేకపోతే కన్సీలర్ (మచ్చలు కప్పేది) పల్చగా రాసి పౌడర్ అద్దండి. మడతలో ముదురు బ్రౌన్‌ని అద్దం పోలిష్ చేసినంత ఓపిగ్గా, అంచు కనపడకుండా పోయేదాకా బ్రష్‌తో తిప్పండి, నీలం ఇంకా పెట్టకముందే ఈ పని పూర్తవ్వాలి. ఎందుకంటే నీలం పెట్టాక దాని మీదకి బ్రౌన్ తెస్తే రెండూ కలిసి బురద రంగు అవుతుంది. ఇప్పుడు రెప్ప మధ్య భాగం మీద నల్ల కాటుకని పాముకోండి, అవును, నలుపే, వేలితో పల్చగా. అది ఆరిపోకముందే ఉంగరం వేలిని షిమ్మర్‌లో ఒత్తి, రెప్ప మీద కూడా ఒత్తండి. రుద్దితే రేకులు విడిపోయి బుగ్గల మీదకి వస్తాయి, ఒత్తితే ఒకదాని పక్కన ఒకటి అతుక్కుని రేకు పరిచినట్టు కనపడుతుంది. కింద నలుపు ఉండటం వల్ల టీల్‌లో పచ్చా నీలం రెండూ కదులుతూ కనపడతాయి, అదే ఒట్టి రెప్ప మీద పెడితే ఒకటే రంగుగా ఉంటుంది. చివర్లో బయటి మూలకి కాస్త నేవీ.

చీరకి మ్యాచింగ్ వేయాలన్న కోరిక మాత్రం వదిలేయండి. నీలం గద్వాల్ కట్టుకుని నీలం రెప్పలతో వస్తే స్కూల్ యానివర్సరీ గుర్తొస్తుంది. నీలం బాగా పండేది ఆవపిండి రంగు, ఇటుక రంగు, కుంకుమ ఎరుపు, బంగారు జరీ ఎక్కువున్న మెరూన్ చీరల మీద. నలుపూ ఎరుపూ ఉన్న పోచంపల్లి ఇక్కత్‌కి నేవీ భలే కలుస్తుంది. నీలం చీరే కట్టాలనుకుంటే కళ్ళకి రాగి రంగు వేసి, నేవీని లైనర్ వరకే ఉంచండి. తెల్ల మంగళగిరి నూలు చీర, వెండి జుంకాలు, కింద రెప్పన రాయల్ బ్లూ, ఇది నా ఫేవరెట్, దీని మీద నాకు ఎవరి అభిప్రాయమూ అక్కర్లేదు.

పెదాలకి ఇటుక గోధుమ, ఎండు గులాబీ, లేదా ఒట్టి లిప్‌బామ్. చల్లటి గులాబీ, మెరుపు లిప్‌స్టిక్ పెడితే మళ్ళీ 80ల డ్యూయెట్లోకి వెళ్ళిపోతాం. బుగ్గలకి పీచ్. కనుబొమ్మలు కాస్త దిద్దుకోవాలి, నీలం పైన పల్చటి కనుబొమ్మ కనపడకుండా పోతుంది. నలభై దాటి రెప్పలు కాస్త ముడతలు పడ్డవాళ్ళకి పెద్ద రేకుల షిమ్మర్ ముడతల్ని ఎత్తి చూపిస్తుంది, మెత్తటి శాటిన్ (పట్టులా సన్నటి మెరుపున్న) నేవీ హుందాగా ఉంటుంది, మా అత్తయ్యకి అదే వేస్తాను, అడిగి మరీ వేయించుకుంటుంది.

లైట్లు, చెమట

ఫంక్షన్ హాల్లో పసుపు లైట్లుంటే నేవీ నల్లగా కనపడుతుంది, ఎందుకంటే ఆ వెలుతురులో నీలం పాలే తక్కువ. ఇంత కష్టపడి వేసుకున్నది ఎవరికీ కనపడకపోతే ఎలా అనుకునేవాళ్ళు రాత్రి రిసెప్షన్‌కి టీల్ షిమ్మర్ వేసుకోండి, మెరుపు ఏ లైట్లోనైనా కనపడుతుంది. నేవీ పగటి పెళ్ళిళ్ళకి, గుళ్ళో జరిగే నిశ్చితార్థాలకి, తెల్ల లైట్ల ఆఫీసులకి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో చలికాలం మబ్బు వెలుతురులో ఉండేవాళ్ళకి నీలం మరీ చల్లగా, పాలిపోయినట్టు అనిపిస్తే అంచున కాస్త రాగి రంగు అద్దండి చాలు.

మే నెల విజయవాడలో, వైజాగ్ ఉక్కపోతలో ఏ ఐషాడో అయినా మడతలో చేరుతుంది. నీలం చేరితే తొందరగా తెలుస్తుంది, అంతే తేడా. అందుకని వేసవిలో మడత దాకా వేసే లుక్‌లు మానేసి వెంట్రుకల మొదలు దగ్గరే ఆగిపోండి. పెన్సిల్ మీద అదే రంగు పౌడర్ అద్దితే చాలాసేపు కదలదు. పెళ్ళికూతురికి వేసేవాళ్ళు హోమం పొగనీ, అప్పగింతల ఏడుపునీ లెక్కలో పెట్టుకోవాలి. నలుపు కారితే కాటుక కారిందనుకుంటారు, నీలం కారితే ఫొటోగ్రాఫర్ కూడా కెమెరా దించేస్తాడు. కింద రెప్పన నీలం పెట్టకండి, పైన మాత్రం వాటర్‌ప్రూఫ్.

రాత్రి తీసేటప్పుడు ఫేస్‌వాష్‌తో రుద్దకండి. కొబ్బరినూనెనో క్లెన్సింగ్ బామ్‌నో దూదికి రాసి, మూసిన కంటి మీద అర నిమిషం ఆనించి ఉంచి, ఒకే వైపుకి లాగండి. ఆ తర్వాత ఫేస్‌వాష్. అప్పటికీ పొద్దున్నకి లేత నీలం మరక మిగిలితే అది బ్లూ 1 పని, ఇంకోసారి నూనెతో పోతుంది. ముందు రోజే ప్రైమర్ వేసి ఉంటే ఆ మరకే ఉండదు.

కొనేచోట

ఖరీదైన ప్యాలెట్ సగం ధరకి వస్తోందంటే అనుమానించాల్సిందే. మన దేశంలో అమ్మే ఇంపోర్టెడ్ కాస్మెటిక్స్ మీద దిగుమతి చేసినవాళ్ళ పేరూ అడ్రసూ, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరూ ఉండాలి, కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం. డబ్బా మీద స్టిక్కర్‌గా అయినా ఉంటుంది. అదేమీ లేకుండా, బ్యాచ్ నంబరు చెరిపేసి, పేరులో ఒక అక్షరం అటూ ఇటూ ఉంటే అది కంటి దగ్గరికి తేవాల్సిన సరుకు కాదు. అమెరికా నుంచి మీ వదినో పిన్నో సొంతంగా తెచ్చిన దాని మీద ఆ స్టిక్కర్ ఉండదు, అది వేరే సంగతి, అక్కడ బిల్లు ఉంటే చాలు.

అలా తెప్పించుకునేటప్పుడు ఒకటి చెప్పి పెట్టండి: ప్యాలెట్‌ని చెక్-ఇన్ సూట్‌కేసులో పెడితే మూత లోపల షేడ్ల మీద పల్చగా దూది పరిచి, బట్టల మధ్యలో పెట్టమనండి. షిమ్మర్లు అన్నిటికంటే ముందు పగులుతాయి. పగిలితే పారేయక్కర్లేదు, ముక్కల్ని మెత్తగా నలిపి, మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ నాలుగైదు చుక్కలు వేసి ముద్దలా చేసి, పైన టిష్యూ పెట్టి నాణెంతో నొక్కి, మూత తెరిచి ఒక రోజంతా ఆరనివ్వండి. స్పిరిట్ వాసన పూర్తిగా పోయేదాకా కంటికి పెట్టకండి.